సంబంధాల పేజీలో కరెంటు కథ

మా మాసపత్రికకు సంపాదకుణ్ని నేనే అయినా, దాన్ని నడిపింది మాత్రం సంబంధాల పేజీ. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నేను చెమటోడ్చి రాసిన సంపాదకీయం ఒక నెల రాకపోయినా అడిగిన నాథుడు లేడు. పత్రిక చేతికందగానే అందరూ నేరుగా మధ్య పేజీ తిప్పేవారు. అక్కడ పూల అంచు కట్టిన చిన్న చిన్న డబ్బాలు ఉండేవి. ఒక్కో డబ్బాలో ఒక అమ్మాయో అబ్బాయో: ఇంటిపేరు, గోత్రం, ఎత్తు, చదువు, చేసే పని. అన్నిటికీ కింద మా ఆఫీసు ఫోన్ నంబరు. సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుకొని బతికే మా తెలంగాణ నేతవాళ్ల ఇళ్లలో సగం పెళ్లిళ్లు ఆ డబ్బాల్లోంచే కుదిరాయి.

పత్రికల్లో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలు కలిసినప్పుడు, "మీ సర్వీసులో గొప్పగా చేసిన పని ఏంటి సార్?" అని అడుగుతుంటారు. తాపీ నది వరద గురించో, ఏదో కుంభకోణం బయటపెట్టడం గురించో చెబుతానని చూస్తారు. నేను చెప్పేది ఆ పూల అంచు డబ్బా గురించి. గర్వంగానే చెబుతాను. వినయం నా ఒంటికి ఎప్పుడూ సరిపడలేదు. పేర్లు మాత్రం ఎవరివీ చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది.

సూరత్ ఉధ్నా పేటలో ఒక చీరల గోదాం మీద ఒకే గది మా ఆఫీసు. అందులో ఇద్దరం ఉద్యోగులం, నేనూ, కంపోజింగ్ చేసే చెల్లెమ్మా. సొంత చెల్లెలు కాదు, అలా పిలిచేవాణ్ని. సూరత్‌లోనే పుట్టి పెరిగింది కాబట్టి ఒకే వాక్యంలో మూడు భాషలు మాట్లాడేది. కీబోర్డు మీద వేళ్లు ఎంత వేగమో నోరు అంతకు రెట్టింపు వేగం. పత్రిక మా నేతవాళ్ల సంఘానిది. సంఘం అధ్యక్షుడు ఒకప్పుడు సాంచా నడిపినవాడే. తర్వాత సొంత కార్ఖానా పెట్టుకొని, చీరల వ్యాపారంలోకి వెళ్లి పెద్దవాడయ్యాడు. అందరూ సేటూ అని పిలిచేవారు. మంచి మనిషే గానీ పత్రిక అంటే ఆయనకు పెళ్లిపత్రికే.

కరోనా వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. సగం జనం దొరికిన రైలెక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. ప్రెస్సు మూతపడింది. పత్రికను ఫోన్లోనే పంపడం మొదలుపెట్టాం. పెళ్లిళ్లు లేవు, కాబట్టి సంబంధాలూ రాలేదు. మధ్య పేజీలో పూల అంచులు ఖాళీగా మిగిలాయి. మరోవైపు వెనక పేజీలోని శ్రద్ధాంజలి ఫొటోలు నెలనెలా ముందుకు జరగడం మొదలుపెట్టాయి.

ఒకరోజు చెల్లెమ్మ కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"నేను ఇంక ఫొటోలకు దండలెయ్య అన్నా. పొద్దుగాల లేసుడు, దండలేసుడు. ఇది పత్రికనా, స్మశానం బోర్డునా? ఈ ఖాళీ డబ్బాల్ల కూడా గవే పెట్టుమంటే నా తోటి కాదు. ఛోడ్ దూంగీ, పనే ఇడిసిపెడత."

ఆ నెల ఆమె దండ వేసిన ఫొటోల్లో ఆమె పెద్దమ్మది కూడా ఉంది. అధ్యక్షుడికి ఫోన్ చేస్తే, "బంద్ జేద్దాం. మంచి దినాలొచ్చినంక మళ్ల సూద్దాం" అన్నాడు. మూసిన పత్రిక మళ్లీ తెరవడం నేను ఎక్కడా చూడలేదు. రిటైరయ్యే ముందు నా చేతుల మీదుగా పత్రిక పోవడం నాకు ఇష్టం లేదు. "ఆ డబ్బాలు నింపే పూచీ నాది సేటూ" అనేశాను. దేనితో నింపుతానో నాకే తెలియదు.

ఆ నెల సంచికలో ఒక ప్రకటన వేశాం. కథ పంపండి, కవిత పంపండి, కానీ పెళ్లిసంబంధం డబ్బాలో పట్టేంతే ఉండాలి. రాయడం రాకపోతే ఫోనులో చెప్పి పంపండి, మేం రాసుకుంటాం.

మొదట ఏం వచ్చాయో మీరే ఊహించుకోండి. కషాయాల తయారీ, దేవుడి పాటలు, కరోనా రాక్షసిని తిడుతూ పద్యాలు. ఒకాయన తన ఆత్మకథ మొదటి భాగం పంపాడు. డబ్బా కాదు, గోదాం కావాలి దానికి. నేను తల పట్టుకుని కూర్చున్న రోజుల్లో సూరత్ దగ్గరి హజీరా నుంచి ఒక ఇంజనీరు కవిత పంపాడు. కోస్తా ఆంధ్ర మనిషి, సముద్రం పక్కనున్న ఓ పెద్ద ప్లాంటులో పని. ఆ కవితలో సముద్రం మెడికల్ లీవు పెడుతుంది, దాని బదులు తీరం డ్యూటీ చేస్తుంది. నేను రెండుసార్లు చదివి, ఇతనికి ఒంట్లో బాగుందా అని ఫోన్ చేశాను.

"బాగానే ఉందండీ," అని నవ్వాడు. "ఇప్పుడు ఇలాంటివి చాలామంది రాస్తున్నారు. లేని లోకాలు, రాబోయే కాలాలు, అరచేతిలో పట్టేంత కథలు. స్పెక్యులేటివ్ అంటారు, ఫ్లాష్ ఫిక్షన్ అంటారు. కొన్ని పంపిస్తాను, చూడండి."

అతను పంపినవి నా ఫోన్లో వరసకట్టాయి. నాకు తెలిసిన కథకు ఒక మొదలు, ఒక నడక, బుద్ధిగా ఒక ముగింపు ఉండేవి. ఇవి అలా లేవు. ఎక్కడో బ్యాంకులో పనిచేసే ఒకావిడ కథలో ఏటీఎం డబ్బుకు బదులు జనం మరిచిపోయిన జ్ఞాపకాలు ఇస్తుంది, బయట లైను పెరుగుతూనే ఉంటుంది. అక్కడితో కథ అయిపోయింది. హాస్టల్లో ఉండే కుర్రాడొకడు రాసిన కవితలో అంగారకుడి మీద మొదటిసారి వాన పడుతుంది, చూసేవాళ్లు లేక అది సిగ్గుపడి ఆగిపోతుంది. వీళ్లెవరూ పేరు మోసినవాళ్లు కాదు. పుస్తకాలు లేవు, సన్మానాలు లేవు. పగలంతా ఏదో ఉద్యోగం చేసుకుని, బస్సులో నిలబడి ఇవి రాస్తున్నారు. నలభై ఏళ్లుగా తెలుగు చదువుతున్నానని నాకో గీర ఉండేది. నా కళ్లెదుటే ఇంత పెద్ద వీధి ఉంటే, నేను అటువైపు తొంగి కూడా చూడలేదు. చెడ్డ కుతూహలం పుట్టింది. రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని అవే చదివేవాణ్ని.

చెల్లెమ్మకు చదివి వినిపించి, వీటిని ఏమంటారో కూడా చెప్పాను.

"పేరేదైతే ఏంది అన్నా, డబ్బాల పడుతయా పడయా?"

పడతాయి. హాయిగా పడతాయి. ఇంజనీరు కవితలు ఒక డబ్బాలో, మాకు వచ్చినవాటిలో కాస్త బాగున్నవి మిగతా డబ్బాల్లో వేశాం. అయినా నాకు తృప్తి లేదు. హజీరా ఇంజనీరు రాశాడు సరే, మా సాంచాల వాళ్ల గొంతు ఏది?

అది ఒక మధ్యాహ్నం వచ్చింది, ఆఫీసు ఫోనుకు వాయిస్ మెసేజ్‌గా. ఒక ఆడపిల్ల గొంతు. నమస్కారం లేదు, ఉపోద్ఘాతం లేదు.

"చందమామకు జరమొచ్చి సచ్చిపోతడనుకున్నరు గని సావలే. పద్నాలుగు దినాలు ఇంట్లనే ఉండుమన్నరు, ఉన్నడు. పదిహేనో దినం బయటికొచ్చిండు. సూస్తే ఊళ్లె ఎవ్వలు తల ఎత్తుతలేరు. అందరు మూతికి గుడ్డ గట్టుకొని నేల దిక్కు సూస్కుంట నడుస్తున్నరు. ఒక్క పోరి మాత్రం డాబా మీద బట్టలు ఆరేస్కుంట తల ఎత్తింది. చందమామ సిగ్గుపడి, జేబుల నుంచి గుడ్డ తీసి..."

అంతే. ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని తిరిగి ఫోన్ చేశాను.

"అమ్మా, మీ కథ సగంలో కట్టయింది. మిగతాది పంపుతారా?"

"కట్ కాలే సార్. అంతే."

"అంతే అంటే?"

"అంతే సార్. మా నాయిన గూడ గిట్లనే చెప్తడు." కాస్త ఆగి, "పేరు రాయకుండ్రి సార్. డిండోలి అని మా పేట పేరు రాయుండ్రి, చాలు" అని పెట్టేసింది.

నేను, చెల్లెమ్మ ఆ మెసేజ్‌ను మళ్లీ మళ్లీ విన్నాం. చందమామ ఆ గుడ్డ మూతికి కట్టుకున్నాడా, చెమట తుడుచుకున్నాడా, ఆ పిల్లకు ఊపాడా? చెల్లెమ్మ ఒకటంటే నేనొకటన్నాను. ఒక గంట పోట్లాడుకున్నాం. ఆ గదిలో ఫొటోల గురించి కాకుండా మరో విషయం మీద మేం పోట్లాడుకుని చాలా నెలలైంది. ఆ రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది. నేను వెతుకుతున్నది పక్క పేటలోనే ఉంది.

ఆమె నెలనెలా పంపింది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుందనీ, ఇంటి నుంచే డిగ్రీ చదువుతోందనీ మెల్లగా తెలిసింది. రెండో వేవ్ వచ్చింది. అది ఎలా గడిచిందో రాయను, మీ అందరికీ తెలుసు. ఆ రోజుల్లో, ఆస్పత్రులకు ఆక్సిజన్ పంపే తన ప్లాంటు నుంచి ఇంజనీరు పంపిన కవిత మాత్రం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

మా ప్లాంటులో గాలిని నీళ్లుగా చేస్తాం.
ఈ పూట ఒక ట్యాంకరు నింపాం.
దాని నిండా ఎవరెవరివో
ఇంకా పీల్చని ఊపిరులు.
గేటు దాటేటప్పుడు
వాటిలో ఒకటి
నన్ను పేరు పెట్టి పిలిచింది.

ఆ కవిత పక్క డబ్బాలో డిండోలి అమ్మాయి కథ వేశాం. ఆ నెల పత్రిక ఊళ్లకు వెళ్లిపోయినవాళ్ల ఫోన్లలో కూడా తిరిగింది. మూసేద్దాం అన్న మాట అధ్యక్షుడి నోట మళ్లీ రాలేదు.

రెండో వేవ్ తగ్గాక వానలు మొదలయ్యాయి. ప్రెస్సు తెరిచారు, పత్రిక మళ్లీ కాగితం మీదకు వచ్చింది. ఒకటీ అరా పెళ్లిసంబంధాలు కూడా రావడం మొదలైంది. అప్పుడు ఆమె పంపిన కథ ఇది. మొత్తం ఇస్తున్నాను, ఇంతే ఉంటుంది:

"వరుడు కావలెను. అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు, వాన పడ్డ రోజు తొంభై. మనిషి పొట్టి, నీడ పొడుగు. పగలు అందరిలాగే ఉంటుంది. నిద్రపోతే మగ్గమైపోతుంది. ఇంట్లో వాళ్ల కలలన్నీ దారాలుగా లాగి తెల్లారేసరికి ఒక చీర నేస్తుంది. ఆ చీర కట్టుకున్నవాళ్లు అబద్ధం చెప్పలేరు. చప్పుడులో నిద్రపోవడం అలవాటున్న అబ్బాయి కావలెను. సూరత్ వారికి ప్రాధాన్యం."

కింద ఎప్పటిలాగే "డిండోలి" అని వేశాం. చదివి పడీ పడీ నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఒక పని మరిచిపోయాం. ఫోన్లో పంపినన్నాళ్లూ పేజీ తలమీద "కథలు, కవితలు" అని ఉండేది. ప్రెస్సు తెరిచాక చెల్లెమ్మ పాత పేజీ నమూనా తీసింది. దాని తలమీద "వధూవరులు" అనీ, కింద ఆఫీసు నంబరూ అచ్చంగా ఉన్నాయి. కంపోజ్ చేసింది నువ్వని నేను, ప్రూఫు చూసింది నువ్వని ఆమె ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాం.

పత్రిక పంచిన మర్నాటి నుంచి ఫోన్ మోగడం మొదలైంది.

"డిండోలి పిల్లది గోత్రమేందండి?"

"అమ్మా, అది కథ. నిద్రపోతే మగ్గమవుతుందని రాశాం, చూశారా?"

"సూసినం. పనిమంతురాలే ఉన్నట్టుంది. గోత్రమేంది?"

ఇంకొకాయన చాలా నిదానంగా మాట్లాడాడు. "పొట్టి ఉన్నా పర్వాలే సారూ, మావోడు గూడ అంతే. గా వాన పడ్డ రోజు ముచ్చటేందో జర చెప్పుండ్రి, దవాఖానల సూపెట్టిండ్రా?"

మా వాళ్ల తప్పేమీ లేదు. ఆ పేజీలో పూల అంచు ఉన్నదాన్ని సంబంధంగా చదవడం తరాలుగా వాళ్లకు అలవాటైంది. అందులో ఎత్తు ఉంది, వయసు ఉంది, సూరత్ వారికి ప్రాధాన్యమని స్పష్టంగా ఉంది. మిగతాది మధ్యవర్తులు కాస్త పెంచి చెప్పే మాటలనుకున్నారు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. ఫోన్లోనే కాసేపు పగలబడి నవ్వింది. తర్వాత గొంతు మారింది.

"గింతమంది ఫోన్లు చేస్తున్నరంటే గింతమంది చదువుతున్నరనే గద సార్?"

"అవును మరి."

"అయితే వచ్చేసారి నా పేరు పెట్టుండ్రి. డిండోలి అంటే ఊరంత వస్తది. కథ నేను చెప్పిన."

పెడతానని మాటిచ్చాను. ఒక రచయిత తన పేరు కోసం అడగడం సంపాదకుడు వినదగ్గ మాటల్లో అన్నిటికన్నా మంచి మాట. కానీ ఆ మాట నిలబెట్టుకోవడం అంత తేలిక కాలేదు. మనవాళ్లకు డిండోలి అన్న ఒక్క మాట చాలు. ఇరవై నాలుగేళ్ల పొట్టి పిల్ల మన కులంలో ఎవరింట్లో ఉందని నలుగురిని అడిగి, ఒక కుటుంబం ఆదివారం పూట మాస్కులు కట్టుకుని, పండ్ల సంచి పట్టుకుని వాళ్ల గుమ్మం ముందు దిగింది. ఆ తల్లి బిత్తరపోయి, మేం ఏ సంబంధమూ వేయలేదని పంపించేసింది. తిరిగి వెళ్లినవాళ్లు ఎవరో కాదు, మా అధ్యక్షుడి బామ్మర్ది, ఆయన భార్య.

అధ్యక్షుడు సంఘం మీటింగ్ పెట్టాడు. గోడాదరాలో సంఘం హాలు. కుర్చీలు దూరం దూరంగా వేశారు. కమిటీ పెద్దలు కూర్చున్నారు. నేనూ చెల్లెమ్మా ఒక పక్కన కూర్చున్నాం. మాకు ఎదురుగా ఒక కొత్త మనిషి కూర్చున్నాడు. అరవైకి దగ్గర్లో ఉంటాడు. సాంచాల చప్పుడులో బతికినవాళ్లందరిలాగే అతని గొంతూ పెద్దది. ఆ అమ్మాయి తండ్రి.

అధ్యక్షుడు సూటిగా అన్నాడు. "మా బామ్మర్ది ఇజ్జత్ పోయింది. మొదటి పేజీల తప్పయిందని మాఫీ ఎయ్యాలె. గీ కథల పేజీ బంద్. గా పిల్ల పేరు ఎన్నడు మన పత్రికల రావద్దు."

"నేను గూడ గదే చెప్దామని వచ్చిన," అన్నాడు తండ్రి. "గల్లీల అందరు అడుగుతున్నరు, మీ పిల్ల నిద్రపోతే నిజంగ మగ్గమైతదా అని. ఆమె పేరు ఎయ్యకుండ్రి సారూ. దండం పెడత."

నా మాట అడుగుదామన్నవాళ్లు ఎవరూ లేరు. రెండు పక్కలా పెద్దలు ఒకటయ్యారు. చెల్లెమ్మ నా మోచేతిని పొడిచింది. నాకు వాదించడం రాదు, చదవడం వచ్చు. "నిర్ణయం మీ ఇష్టం. ఏ పేజీని మూస్తున్నారో ఒకసారి విని మూయండి" అని చందమామ కథ తీసి చదివాను. ఆమె చెప్పిన మాటల్లోనే చదివాను. జేబుల నుంచి గుడ్డ తీసి, అన్నచోట ఆపాను.

అధ్యక్షుడు కాసేపు చూశాడు. "ఊ, ఇంక?"

"అంతే సేటూ."

"అంతేంది? గిది కథనా? సగంల ఇడిసిపెట్టింది. కథ చెప్పుడు రాని పిల్లను పట్టుకొని..."

"సగమేంది సేటూ?"

అన్నది తండ్రి. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మాస్కు గడ్డం కిందికి లాగాడు.

"కథ చెప్పుడు రాదా నా బిడ్డకు? మీరు సాంచా నడిపినోళ్లే గద. కార్ఖానాల కరెంటు పోతే ఏం చేసెటోళ్లం? చీకట్ల కూసొని ఒకడు కథ చెప్పెటోడు. కరెంటు ఎప్పుడొస్తదో ఎవలకెరుక? ఒక్క నిమిషానికే రావచ్చు. గందుకే అసలు ముచ్చట ముందే చెప్పాలె. ప్రతి మాట ఆఖరి మాట లెక్కనే ఉండాలె. కరెంటొచ్చి సాంచాలు మోగినయంటే కథ ఆడికే ఖతం. తర్వాత ఏమైందని అడుగద్దు. అడిగినోడు ఆ పూట చాయ తాపియ్యాలె. అది మన కార్ఖానాల కానూను. సగమంటరేంది? చందమామకు జరమొచ్చి సావలే అని మొదటి మాటల్నే చెప్పలేదా ఆమె?"

ఆయనే మళ్లీ అందుకున్నాడు, ఈసారి కాస్త మెల్లగా.

"తర్వాత తర్వాత కరెంటు పోవుడు బంద్ అయింది, కథలు గూడ పోయినయి. కరోనాల సాంచాలన్ని ఆగిపాయె. గంత పెద్ద కరెంటు కట్ నేను పుట్టినంక సూడలే. ఇంట్ల కూసుంటే దిమాక్ ఖరాబైతుందని పిల్లలకు పాత కథలు చెప్పిన. ఆమె చీరలకు రాళ్లు అంటిచ్చుకుంట వినేది. ఇంక ఆమెనే చెప్పబట్టె."

నేను అధ్యక్షుడి వైపు చూశాను. కోపం దిగిపోయింది. ఆయన కళ్లు ఎక్కడో ఉన్నాయి.

"మా కార్ఖానాల ఒక పెద్దమనిషి ఇట్ల కథ చెప్పెటోడు," అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. "పట్టుపురుగులు ఒకనాడు మా దారం మాకియ్యుండ్రని కార్ఖానా తలుపు కొడుతయి. లోపల ఒక్కడే ఉంటడు. వాని ఒంటి మీద పట్టు పంచె ఉంటది. వాడు లేసి పోయి తలుపు తీస్తడు..."

"తీస్తే?" అంది చెల్లెమ్మ, ఉండబట్టలేక.

"కరెంటొచ్చింది," అన్నాడు అధ్యక్షుడు.

హాలంతా గొల్లుమంది. చెల్లెమ్మ అందరికీ చాయ్ తాగించాలని ఎవరో అరిచారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు గానీ, నవ్వు ఆగాక అన్నాడు, "ఎన్నేండ్లాయె. సొంత కార్ఖానా పెట్టిన, తలుపు పెట్టించిన. ఇప్పటికి గూడ తలుపు తీసేటప్పుడు గా పురుగులు యాదికొస్తయి."

నేను అదను చూసుకున్నాను. తండ్రిని అడిగాను, "మరి ఈ కథ కింద ఎవరి పేరు వేయమంటారు? నేర్పింది మీరే కదా. మీ పేరు వేయమంటారా?"

ఆ జవాబు మీద ఆ అమ్మాయికి నేనిచ్చిన మాట ఆధారపడి ఉంది.

"నాది ఎందుకేస్తరు సారూ? అది నేను చెప్పింది గాదు," అన్నాడు. "చందమామ సిగ్గుపడుడు నాకు తట్టేది గాదు. నాకంటె మంచిగ చెప్పింది." అధ్యక్షుడి వైపు తిరిగాడు. "ఆమె పేరే ఎయ్యుండ్రి. ఇంటిపేరుతోటి ఎయ్యుండ్రి. ఎవడేమంటడో నేను సూసుకుంట."

మొదటి పేజీలో మాఫీ రాలేదు. కథల పేజీ తలమీద "ఇవి కథలు, సంబంధాల కోసం ఫోన్ చేయవద్దు" అని ఒక గమనిక వచ్చింది. అధ్యక్షుడు బామ్మర్దికి ఏం సర్దిచెప్పాడో గానీ, వాళ్ల అబ్బాయికి ఆ తర్వాత వేరే సంబంధం కుదిరింది. పెళ్లికి మమ్మల్నీ పిలిచారు.

ఆ తర్వాత నెల ఆమె పేరు అచ్చయింది, కథకు పైన, పెద్ద అక్షరాల్లో. ఆ పేరు ఇక్కడ రాయనన్నాను కదా, కారణం ఇదీ. "నా పేరు నా కథ మీదే ఉండాలి సార్, ఇంకొకళ్ల కథల కాదు" అని ఆమే చెప్పింది. ఆమె కథలు ఆ తర్వాత మరో మూడు పత్రికల్లో వచ్చాయి. ఇంజనీరు ఆమెవీ తనవీ బ్యాంకు ఆవిడకు పంపితే, ఆవిడ తనవి మాకు పంపింది. హాస్టల్ కుర్రాడి వాన కవిత ఉధ్నాలో నేత కార్మికుల ఇళ్లలో చదువుకున్నారు. పూల అంచు డబ్బాలో అంగారకుడు ఉన్న పత్రిక దేశంలో ఇంకోటి ఉందేమో చూపించండి, ఒప్పుకుంటాను. కరెంటు కథలు పంపమని అడిగితే పాత కార్ఖానాల వాళ్లు ఫోన్లు చేసి మరీ చెప్పారు. చెల్లెమ్మ ఫొటోలకు దండలు వేస్తూనే వాటినీ కంపోజ్ చేసింది, ఉద్యోగం మాత్రం మానలేదు. ఇప్పుడు ఆ పత్రిక ఆమే నడుపుతోంది.

నేను రిటైరయ్యే నెలకు పెళ్లిళ్లు పూర్తిగా తిరిగొచ్చాయి. డబ్బాల కోసం మళ్లీ తోసుకుంటున్నారు. ఒకరోజు పొద్దున డిండోలి తండ్రి మెట్లెక్కి వచ్చాడు, చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"సంబంధం ఎయ్యాలె సారూ. ఈసారి అసలుదే."

"అమ్మాయిని అడిగారా?"

"అడుగకుంట ఎట్ల? ఆమెనే చెప్పింది, నేను రాసిన. మొదటి ముక్క ఒక్కటే నాది."

చదివాను. డిగ్రీ పూర్తయింది, చీరల మీద డిజైను పని చేస్తుంది, ఎత్తు, వయసు, చప్పుడులో నిద్రపోయే అబ్బాయైతే మరీ మంచిది. అన్నిటికన్నా పైన, ఇంటిపేరు కన్నా గోత్రం కన్నా ముందు, వంకర అక్షరాల్లో ఒక ముక్క ఉంది: "కథలు రాస్తది."

అలవాటు కొద్దీ కలం తీశాను. మా పేజీలో ఇంటిపేరు మొదట రావాలి, గోత్రం తర్వాత రావాలి, ఇలాంటివి ఉంటే చివర్లో వస్తాయి. ఆ ముక్కను కిందికి జరపబోతుంటే ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"జరుపకుండ్రి సారూ. కరెంటు ఎప్పుడొస్తదో ఎవలకెరుక? అసలు ముచ్చట ముందు చెప్పాలె."